లెక్కల టీచర్‌ని, టెక్నాలజీతో పాఠాలు చెప్పే ఎడ్‌టెక్ వైపు వెళ్లాలంటే ఉద్యోగం మానేయాలా?

ఎమ్మిగనూరు మేడమ్ అడిగింది ఇదీ: "ప్రైవేటు స్కూల్లో ఆరేళ్లుగా లెక్కలు చెప్తున్నాను. బీఈడీ, టెట్ అయిపోయాయి. పాఠాలకు వీడియోలు, యానిమేషన్లు చేయడం ఇష్టం. మానేసి బెంగళూరులో కోర్సు చేరనా, డీఎస్సీకి చదువుకోనా?"

ఇప్పుడే మానొద్దు మేడమ్. ఎందుకంటున్నానో నా సంగతి చెప్తే మీకే తెలుస్తుంది.

నేను బి.తాండ్రపాడులోని ప్రభుత్వ టీచర్ ట్రైనింగ్ కాలేజీ డైట్‌లో డీఎడ్ చేసి, 2012 డీఎస్సీలో ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచర్‌గా వచ్చాను. మొదటి పోస్టింగ్ కోసిగి వైపు ఒక పల్లె. బడిలో ఎప్పుడో ఇచ్చిన కంప్యూటర్ ఒకటి గుడ్డ కప్పుకుని ఉండేది. దసరాకి దానికి బొట్టు పెట్టేవాళ్లం, అంతే. రెండు నెలలు తంటాలు పడి దాన్ని నడిపించాను. అదే నేను చేసిన పొరపాటు. కంప్యూటర్ వచ్చిన సారంటే బడిలో సగం గుమస్తా. ఏ లిస్టు కావాలన్నా, ఏ ఫొటో ఎక్కించాలన్నా నన్నే పిలిచేవాళ్లు. ఈరోజుకీ మా ఫోన్లలో పాఠం చెప్పే యాప్‌ల కన్నా పైవాళ్లకు బడి వివరాలు అప్పజెప్పే యాప్‌లే ఎక్కువ. మీకు టెక్నాలజీ అంటే ఇష్టమని హెడ్మాస్టర్ దగ్గర మరీ గట్టిగా అనకండి.

నాకు దారి చూపించింది మాత్రం ఆ కంప్యూటర్ కాదు, సుగ్గి. మీ దగ్గరా ఉంటుంది కాబట్టి తెలిసే ఉంటుంది. పంట చేతికి రాని ఏడాది ఇళ్లకు తాళాలేసి, పిల్లల్ని వెంటేసుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతకి, పత్తి తీతకి పోతారు. నా నాలుగో తరగతిలో ఇరవై మంది ఉంటే సంక్రాంతి తర్వాత పదముగ్గురు మిగిలారు. పోయిన ఏడుగురు ఉగాదికి తిరిగొచ్చేసరికి భిన్నాలు మొత్తం అయిపోయేవి.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. వాళ్ల అమ్మానాన్నల దగ్గర కీప్యాడ్ ఫోన్లే, కానీ మెమరీ కార్డు పెట్టుకునే చోటుంది. మరుసటి ఏడాది పాఠాలు రికార్డు చేసి, ఆ చిన్న ఫోన్లలో ఆడేలా 3జీపీలోకి మార్చి, ఏడు కార్డుల్లో వేసి పంపాను. నెల రోజులు రాత్రిళ్లు కూర్చుని చేసిన పని అది. ఒక్కొక్కటి పద్నాలుగు నిమిషాలు! గొప్పగా చేశాననుకున్నాను.

తిరిగొచ్చాక చూస్తే నాలుగు కార్డుల్లో నా పాఠాల స్థానంలో సినిమా పాటలున్నాయి. మిగిలిన మూడింటిలో పాఠాలున్నాయి గానీ ఎవరూ రెండు నిమిషాలు దాటి చూడలేదు. బొటనవేలంత తెరలో నా బోర్డు మీద అంకెలు చీమల్లా ఉన్నాయి. అయినా, రోజంతా కాయలు కోసి వచ్చిన పిల్ల పద్నాలుగు నిమిషాలు నా గొంతు ఎందుకు వింటుంది?

ఆ వారంలోనే ఒకమ్మాయి కూలి లెక్క చెప్పింది. ఒకరోజు వాళ్లింట్లో అందరూ కలిసి ముప్పై ఆరున్నర కిలోలు కోశారట, కిలోకి ఎనిమిది రూపాయలు. 292 అని నేను నోరు తెరిచేలోపే అనేసింది. మేస్త్రి తప్పు లెక్క వేస్తే తనే దిద్దేదట. సరే, అదే 36½ ని బోర్డు మీద రాసి ఎనిమిదితో గుణించమన్నాను. "ముప్పై ఆరు, పక్కన పైన ఒకటి, కింద రెండు" అని చదివి ఆగిపోయింది. ఏమ్మా అంటే, "కాటాకాడ అయితే వస్తాది సార్, బుక్కులో రాదు" అంది.

నా పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో అప్పుడు తెలిసింది. రొట్టెను నాలుగు ముక్కలు చేసే బొమ్మతో కాదు, కాటాతో. ఆ తర్వాతి ఏడాది కార్డుల్లో రెండేసి నిమిషాల వీడియోలు వేశాను. ఒక తెర మీద ఒకే లెక్క, పెద్ద అంకెలు. కాటా ముల్లు అర దగ్గర ఆగుతుంది, పక్కన ½ వస్తుంది. ముప్పావు దగ్గర ఆగుతుంది, ¾ వస్తుంది. ఈసారి పాటలు కూడా నేనే నాలుగు వేసిచ్చాను, చెరపకుండా ఉంటారని. ఐదు కార్డులు అలాగే తిరిగొచ్చాయి. పిల్లలందరూ భిన్నాల్లో ఆరితేరారని చెప్పను గానీ, ½ ని చూసి బెదరడం తగ్గింది.

ఈ కథంతా ఎందుకు చెప్పానంటే, మీరు బెంగళూరులో నేర్చుకోవాలనుకునే ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ చాలావరకు ఇదే. పిల్ల ఎక్కడ ఆగుతోంది, ఎందుకు ఆగుతోంది, దానికి ఎంత చిన్న సాయం సరిపోతుంది. సాఫ్ట్‌వేర్ ఎవరైనా నేర్పుతారు, మూడు నెలల పని. పిల్ల ఆగే చోటు మాత్రం క్లాసులో నిలబడినవాళ్లకే కనిపిస్తుంది. ఆరేళ్లుగా అక్కడ నిలబడ్డారు మీరు.

ఇక ఉద్యోగం మాట. ఎడ్‌టెక్ కంపెనీల్లో కంటెంట్ రాసే పనులున్నాయి, జీతం మీకిప్పుడు వచ్చేదానికన్నా మెరుగే కావచ్చు. కానీ కరోనా రోజుల్లో ఊరూరా ప్రకటనలిచ్చిన కంపెనీలు తర్వాత ఎలా తేలిపోయాయో చూశాం. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వచ్చాయి, జిల్లాలవారీగా చూస్తే అన్నిటికన్నా ఎక్కువ మన ఉమ్మడి కర్నూలుకే. అలాంటిది మళ్లీ ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను, టెట్ మార్కులు మాత్రం చేతిలో ఉంచుకోండి. నా మటుకు నేను దూరవిద్యలో బీఈడీ చేసి, ప్రమోషన్‌లో లెక్కల స్కూల్ అసిస్టెంట్‌నయ్యాను. ఇప్పుడు పత్తికొండ వైపు హైస్కూల్లో ఉన్నాను. బడులు బాగుచేసే నాడు-నేడు పథకంలో వచ్చిన ఇంటరాక్టివ్ ప్యానెల్, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెర, మా క్లాసులో ఉంది. దాని మీద పాఠ్యపుస్తకాన్ని పీడీఎఫ్‌గా తెరిచి చదివించేవాళ్లూ ఉన్నారు. అంత తెర అవసరమా దానికి, పుస్తకం పిల్లల చేతిలోనే ఉందిగా!

జీతం వస్తుండగానే చేయగలిగినవి చెప్తాను. లెక్కల బొమ్మలు గీసి కదిలించే సాఫ్ట్‌వేర్ జియోజెబ్రా నేర్చుకోండి. ఉచితం, నెట్ లేకపోయినా నడుస్తుంది. త్రిభుజం శీర్షాన్ని వేలితో లాగుతుంటే కోణాలు మారుతున్నా మొత్తం 180 దగ్గరే ఉండటం పిల్లలు చూస్తే, ఆ రోజు మీరు నోరు నొప్పి పుట్టేలా చెప్పనక్కర్లేదు. సైన్సు వాళ్లకు తెర మీదే ప్రయోగాలు చేయించే ఫెట్ సిమ్యులేషన్లు ఉన్నాయి, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. 2017లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదికలు దీక్షా, స్వయం రెండూ ఉచితమే. స్వయంలో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల విద్యా టెక్నాలజీ సంస్థ సీఐఈటీ కోర్సులు వెతకండి. తెలుగు టైపింగ్ మాత్రం ఏ ఫోన్లోనైనా సరిగ్గా కనిపించే యూనికోడ్‌లోనే చేయండి. నేను యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో చేసిన మూడేళ్ల ప్రశ్నపత్రాలు ఫోన్లో తెరిస్తే పిచ్చి గుర్తులుగా కనిపించాయి, అన్నీ మళ్లీ కొట్టుకున్నాను.

యానిమేషన్ సాఫ్ట్‌వేర్ కొనకండి. ఈ నెల మీ క్లాసులో అందరూ తప్పుతున్న లెక్క ఒక్కటి ఎంచుకోండి. తప్పిన నలుగురిని కూర్చోబెట్టి, ఎలా చేశారో వాళ్ల నోటితోనే చెప్పించండి, మధ్యలో దిద్దకండి. ఆ తర్వాత వీడియో చేయండి. అయ్యాక నాకూ పంపండి, చూసి చెప్తాను. రెండు నిమిషాలు దాటితే మాత్రం చూడను.