గద్దార్, గద్దర్ ఒకటేనా?

ప్రశ్న: మా దిక్కు పార్టీ మారిన లీడర్‌ను ‘గద్దార్’ అని తిడతరు. ప్రజాగాయకుడు గద్దర్ పేరు కూడా ఇదేనా? తిట్టును ఎవరన్నా పేరుగా పెట్టుకుంటరా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: మూలం ఒకటే, మాటలు వేరు. ‘గదర్’ అరబ్బీ మాట. ఇచ్చిన మాట తప్పడం, నమ్మినవాణ్ని ముంచడం దాని పాత అర్థం. ఆ పని చేసేవాడు గద్దార్. ఉర్దూలో తిరుగుబాటు అనే అర్థం కూడా వచ్చి చేరింది. 1857లో సిపాయిలు తిరగబడితే దాన్ని గదర్ అన్నారు. జీతమిచ్చిన కుంపిణీ మీదికే తుపాకీ తిప్పడం తెల్లదొరల లెక్కలో ద్రోహమే మరి! 1913లో తెల్లదొరల పాలనను కూల్చాలనుకున్న సాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రవాస భారతీయులు తమ పత్రికకు కావాలనే ఆ పేరు పెట్టారు. తర్వాత పార్టీ పేరూ అదే అయింది. తూప్రాన్‌కు చెందిన గుమ్మడి విఠల్‌రావు గద్దర్ అయింది ఆ గదర్ పార్టీ మీది గౌరవంతోనే.

ద్రోహి అనే అర్థంలో రాసేటప్పుడు ‘ద్దా’కు దీర్ఘం తప్పనిసరి. శీర్షికలో అది ఎగిరిపోతే నాయకుణ్ని తిట్టారో, పాటగాణ్ని తలిచారో తెలియదు. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా గద్దారే. చేసిన పని గద్దారీ: “గెలిపిస్తే గద్దారీ చేసిండు.” పార్టీ, సంఘం, సమ్మె, ఇట్లా ఒక జట్టు ఉండి, దాన్ని విడిచి అవతలి పక్కకు పోయినప్పుడే ఈ మాట అతుకుతుంది. అప్పు ఎగ్గొట్టినవాడు గద్దార్ కాడు, బేమాన్.

ప్రశ్న: గద్దార్‌కు బదులు నమక్‌హరాం అనొచ్చా?
– ఒక పాఠకురాలు, నారాయణపేట

జవాబు: అన్నిచోట్లా కుదరదు. నమక్ అంటే ఉప్పు. తిన్న ఉప్పుకు ద్రోహం చేసినవాడు నమక్‌హరాం, విశ్వాసంగా ఉన్నవాడు నమక్‌హలాల్. అంటే ముందు ఒకరు పెట్టి ఉండాలి, ఇంకొకరు తిని ఉండాలి. మిల్లులో సమ్మె జరుగుతుందనుకోండి. పని ఆపిన కూలీని యజమాని నమక్‌హరాం అంటాడు. సమ్మె విడిచి లోపలికి పోయిన కూలీని తోటివాళ్లు గద్దార్ అంటారు. కూలీ తిరిగి యజమానిని నమక్‌హరాం అంటే అతకదు. పెట్టే చేయి పైన ఉంటుందన్న భావం ఆ మాటలోనే ఉంది, అందుకే ఆచితూచి వాడాలి. తెలుగులో ‘తిన్నింటి వాసాలు లెక్కబెట్టేవాడు’ దీనికి దగ్గర.

దగుల్బాజీ ఈ వరుసలోది కాదు. ముందు ఏ నమ్మకమూ, పరిచయమూ లేని మోసగాణ్ని కూడా ఆ మాట అనేయొచ్చు.