ఇంజన్ సందేహాలు: సీలెంట్ బయట తడిగా ఉంటే లోపల సెట్ కానట్టేనా?

ప్రశ్న: నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్ పూర్తిగా విప్పి కడుతున్నాను. బ్లాకుకీ కింది బెడ్‌ప్లేట్‌కీ మధ్య గ్యాస్కెట్ (సందు మూసే పల్చటి ప్యాకింగ్) లేదు. అనరోబిక్ సీలెంట్ పూయమని మాన్యువల్‌లో ఉంది. అలాగే పూసి బిగించాను. పక్కలకు పొంగిన ఎర్ర సీలెంట్ తెల్లారి చూసినా వేలికి అంటుతోంది. మళ్లీ విప్పాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు సార్?

జవాబు: విప్పకండి. సిలికాన్ సీలెంట్‌కు అలవాటుపడిన చేతికి ఇది వింతగానే ఉంటుంది. సిలికాన్ గాలిలోని తేమ తగిలి గట్టిపడుతుంది, అందుకే దాని బయటి అంచు ముందు ఆరుతుంది. అనరోబిక్ దీనికి పూర్తిగా తలకిందులు. ఆక్సిజన్ అందుతున్నంత సేపూ అది జారుగానే ఉంటుంది. రెండు లోహపు ముఖాల మధ్య నలిగి, గాలి ఆడక, లోహం తగిలినప్పుడు గడ్డకడుతుంది. గాలి లేకపోవడం, లోహం ఉండడం, రెండూ కావాలి. మీకు అంటుతున్న సీలెంట్‌కు గాలి తగులుతూనే ఉంది కాబట్టి రేపు చూసినా అలాగే ఉంటుంది. గుడ్డతో తుడిచేసి ముందుకు సాగండి.

లోపలివైపు పొంగినదీ అంతే. గట్టిపడకుండా ఆయిల్‌లో కలిసిపోతుంది. నాకు ఈ సరుకులో బాగా నచ్చే గుణం ఇదే. సిలికాన్ ధారాళంగా పూసి కట్టిన ఇంజన్లు నా బెంచి మీదికి వస్తుంటాయి. ఆయిల్ చాంబర్ దింపి చూస్తే స్ట్రైనర్ జాలికి వానపాముల్లా సిలికాన్ ముక్కలు చుట్టుకుని ఉంటాయి. జాలి మూసుకుపోతే పంపుకు ఆయిల్ అందదు, పంపుకు అందకపోతే ముందు పోయేవి బేరింగులే.

మీ మాన్యువల్ ఆ జాయింట్‌లో గ్యాస్కెట్ వద్దనడానికీ కారణముంది. క్రాంక్‌ను (ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసును) మోసే మెయిన్ బేరింగుల కింది సగాలు ఆ బెడ్‌ప్లేట్‌లోనే కూర్చుంటాయి. బేరింగుకూ క్రాంక్‌కూ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క. మధ్యలో కాగితం ప్యాకింగ్ పెడితే ఆ లెక్క మొత్తం తప్పుతుంది. అనరోబిక్ అయితే బోల్టులు బిగిసేకొద్దీ పక్కకు తప్పుకుంటుంది. లోహం లోహాన్ని తాకుతుంది, సీలెంట్ ముఖం మీది సన్నటి గీతల్లో, గుంటల్లో మిగులుతుంది.

అందుకే ఒక సంగతి గుర్తు చేసుకోండి. ముఖాలు కలిపాక చివరి టార్క్ (మాన్యువల్ చెప్పిన బిగింపు) వరకు ఆగకుండా బిగించారా? లేక సగం బిగించి వేరే పనికి వెళ్లి వచ్చారా? ఆగకుండా చేస్తే ఏ బెంగా లేదు. మధ్యలో వదిలేసి, ట్యూబు మీద రాసిన సమయం దాటాక బిగించి ఉంటే మాత్రం నా పై మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఒక్క సందర్భంలో విప్పి, తుడిచి, కొత్తగా పూయాల్సిందే. సగం గడ్డకట్టిన పొర పక్కకు తప్పుకోదు, సందు తేడా వస్తుంది.

చలిగా ఉంటే సెట్ కావడం నెమ్మదిస్తుంది. 24 గంటలు వదిలేసి ఆయిల్ పోయండి, తొందరపడి పోగొట్టుకునేకంటే అది నయం.

ప్రశ్న: అదే ట్యూబు హెడ్ గ్యాస్కెట్‌కు (బ్లాకుకీ పైనున్న సిలిండర్ హెడ్‌కీ మధ్య పెట్టేదానికి) రెండు వైపులా పూస్తే ఇంకా గట్టిగా ఉంటుందంటున్నాడు మా మెకానిక్. నిజమేనా?

జవాబు: కాదు. మాన్యువల్ ప్రత్యేకంగా చెబితే తప్ప హెడ్ గ్యాస్కెట్‌ను పొడిగానే పెట్టాలి.

ప్రశ్న: మిగిలిన సీలెంట్‌ను రేకు ఆయిల్ చాంబర్‌కు వాడొచ్చా? పాత సీలెంట్ మరకలు గ్రైండర్ డిస్కుతో తీస్తే త్వరగా పోతాయా?

జవాబు: రేకు వంగుతుంది, వేడికి కదులుతుంది. బోల్టుకూ బోల్టుకూ మధ్య సందు వస్తుంది. మామూలు ఫ్లాంజి అనరోబిక్ 0.25 మిల్లీమీటర్ల వరకే సందు పూడ్చగలదు. రేకు చాంబర్‌కు సిలికానో, గ్యాస్కెట్టో వాడండి. మిషన్ మీద చదును చేసిన గట్టి ముఖాలకే అనరోబిక్ అని పెట్టుకోండి.

రాపిడి డిస్కు మాత్రం ముట్టుకోవద్దు. అల్యూమినియం మెత్తన, ముఖం పల్లమైపోతుంది. దానికంటే ప్రమాదం డిస్కు నుంచి రాలే పొడి. అది ఆయిల్ దారుల్లో చేరితే బేరింగులను గీకేస్తుంది. ప్లాస్టిక్ స్క్రేపర్‌తో ఓపిగ్గా గీకి, బ్రేక్ క్లీనర్ పట్టించిన గుడ్డతో తుడవండి. గుడ్డ తెల్లగా తేలేదాకా గుడ్డలు మార్చండి. తర్వాత ఆ ముఖం మీద వేలు పెట్టొద్దు, చేతి జిడ్డు చాలు సీలెంట్ పట్టకుండా చేయడానికి. సన్నటి ధారగా, తెగకుండా గీయండి, ప్రతి బోల్టు రంధ్రం చుట్టూ తిప్పండి.

ప్రశ్న: బోల్టులు వదులు కాకుండా పూసే నీలి థ్రెడ్ లాకర్ కొత్త సీసా కొన్నాను. తెరిస్తే సగం ఖాళీ! మోసపోయానా?

జవాబు: మోసం కాదు. ఇదీ అనరోబిక్ కుటుంబందే. 1953లో అమెరికాలో వెర్నాన్ క్రీబుల్ అనే రసాయన శాస్త్ర ప్రొఫెసర్ ఈ రకం సీలెంట్‌ను తయారుచేశాడు, లాక్‌టైట్ అలా పుట్టింది. సీసాలో గాలి లేకపోతే సరుకు అందులోనే గడ్డకడుతుంది. అందుకే సగం ఖాళీ వదులుతారు, సీసా కూడా గాలి చొరబడే ప్లాస్టిక్‌తో చేస్తారు. మీరు చూడాల్సింది సీసా మీద రాసిన పరిమాణం. దాన్ని గాజు సీసాలోకి మార్చి నిండా పోసి పెట్టకండి. బోల్టును సీసాలో ముంచొద్దు, ముక్కును లోహానికి ఆనించొద్దు. కాస్త ఇనుప పొడి లోపలికి పోయినా సరుకు చెడుతుంది. బోల్టు మీద చుక్క వేయండి, పక్కకు కారినది తిరిగి సీసాలో పోయకుండా తుడిచి పారేయండి.