ఇన్నేళ్లూ పడిన గడ్డి ఇప్పుడెందుకు పడదు?

ప్రశ్న: మా చేను గట్ల మీద వయ్యారిభామను ఇరవై ఏళ్లుగా చేత్తోనే పీకుతున్నా. ఎప్పుడూ ఏమీ కాలేదు. రెండేళ్లుగా మెడ, కనురెప్పలు, మోచేతి మడతల్లో ఒకటే దురద. చర్మం మందం కట్టింది. ఒంట్లో శక్తి తగ్గింది, టానిక్ తాగమంటున్నారు. నిజమేనా? – ఒక రైతు, కల్యాణదుర్గం

జవాబు: టానిక్ డబ్బులు మిగుల్చుకోండి. శక్తి తగ్గి వచ్చేది కాదు ఎలర్జీ. చెరుపు చేయని పదార్థాన్ని కూడా శత్రువని గుర్తుపెట్టుకుని మన రోగనిరోధక వ్యవస్థే అతిగా తిరగబడుతుంది. ఆ గుర్తు పడడానికి ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఒకసారి పడ్డాక మాత్రం కాస్త తగిలినా చాలు.

ఈ మొక్క రెండు రకాలుగా బాధిస్తుంది. కొందరికి పుప్పొడి ముక్కులోకి పోగానే నిమిషాల్లో తుమ్ములు మొదలవుతాయి. వాళ్ల ఒంట్లో ఐజీఈ అనే యాంటీబాడీలు ముందే తయారై ముక్కు పొరల్లో, చర్మంలో ఉండే మాస్ట్ కణాలను అంటిపెట్టుకుని ఉంటాయి. పుప్పొడి తగలగానే ఆ కణాలు తుమ్ములు, దురద తెప్పించే హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. మీ లక్షణాలు చూస్తే మీది రెండో రకంలా ఉంది. ఆకుల మీది నూగులో ఉండే పార్థెనిన్ అనే పదార్థానికి రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు తిరగబడతాయి. దానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. సోమవారం కలుపు తీస్తే దురద బుధవారం వస్తుంది, నెపమేమో మంగళవారం తిన్న వంకాయ మీదికి పోతుంది! ఎండిన మొక్క పొడి గాలిలో లేచి కనురెప్పల మీద, మెడ మీద పడుతుంది కాబట్టి చేత్తో ముట్టుకోకపోయినా వస్తుంది.

సూదితో గుచ్చి 15–20 నిమిషాల్లో చూసే పరీక్షలో ఈ రకం దొరకదు. చర్మ వైద్యుణ్ని ప్యాచ్ టెస్ట్ అడగండి: వీపు మీద అంటించిన పట్టీలను 48 గంటల తర్వాత తీసి చూస్తారు, ఒకట్రెండు రోజులకు మళ్లీ చూస్తారు. సెట్రిజిన్ అనే ఎలర్జీ మాత్ర వేసుకుంటే నిద్ర పట్టొచ్చు గానీ ఈ వాపు తగ్గదు. దీనికి స్టెరాయిడ్ పూతమందు కావాలి. ఏది, ఎన్ని రోజులన్నది డాక్టరే చెప్పాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబును నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడుతుంది.

ఇక మీదట ఆ మొక్కను మీరు పీకొద్దు, పడేవాళ్లతో పీకించండి. వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే, వేళ్లతో సహా లాగాలి. మొలిచిన నెలకే పూస్తుంది కనుక ఆలస్యం పనికిరాదు. నిండు చేతుల చొక్కా, రబ్బరు తొడుగులు తప్పనిసరి. ఆ బట్టలు విడిగా ఉతకాలి. ఎండిన కుప్పకు నిప్పు పెట్టకండి. చామంతి, పొద్దుతిరుగుడు కూడా ఇదే కుటుంబానివి. కొందరికి అవీ పడవు, గమనించుకోండి.

ప్రశ్న: మా పాపకు ఏడో నెల. మా ఆయనకు ఉబ్బసం ఉంది. చెనిక్కాయలు మూడేళ్లదాకా పెట్టొద్దంటున్నారు. – ఒక తల్లి, మైదుకూరు

జవాబు: అది పాత సలహా. తామర (ఎగ్జిమా) ఎక్కువగా ఉన్న, లేదా గుడ్డు పడని పసిపిల్లలతో లండన్‌లో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదిలోపే వేరుశనగ మొదలుపెట్టిన పిల్లల్లో ఐదేళ్ల వయసుకు ఆ ఎలర్జీ సుమారు 80 శాతం తక్కువగా కనిపించింది. తండ్రికి ఉబ్బసం ఉంటే పాపకు ఎలర్జీలొచ్చే అవకాశం కాస్త పెరుగుతుంది. అంతమాత్రాన వేరుశనగే పడదని కాదు.

గింజలు మాత్రం వద్దు, గొంతులో అడ్డం పడతాయి. వేయించి, పొట్టు తీసి, నూనె తేలేదాకా నూరి, గోరువెచ్చని నీళ్లతో పలచన చేసి రాగి జావలో కలపండి. జ్వరం, జలుబు లేని రోజు పగటిపూట స్పూను కొసతో నాకించి పది నిమిషాలు ఆగండి. ఏమీ లేకపోతే మెల్లగా మిగతాది పెట్టి, రెండు గంటలు కనిపెట్టి ఉండండి. పడితే వారానికి మూడుసార్లు, పూటకు రెండు టీస్పూన్ల ముద్ద దాకా వెళ్లి మానకుండా పెట్టాలి. బూజు వాసన కొట్టే గింజలు ఎవరికీ పనికిరావు. అందులో ఉండేది ఎలర్జీ కాదు, అఫ్లాటాక్సిన్ అనే విషం. పాపకు తామర తీవ్రంగా ఉన్నా, గుడ్డు పడకపోయినా ముందు డాక్టరుకు చూపించాకే పెట్టండి.

ఒంటినిండా దద్దుర్లతో పాటు వాంతులు, పిల్లికూతలు, వాలిపోవడం కనిపిస్తే సిరప్ పట్టి చూద్దామనుకోవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయండి. అప్పుడు ప్రాణం కాపాడేది తొడ కండకు ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే.

ప్రశ్న: దుమ్ముకు ముక్కు మూసుకుపోతుందని చుక్కల మందు వాడితే క్షణంలో తెరుచుకునేది. ఇప్పుడది లేనిదే నిద్ర పట్టడం లేదు. – ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: సీసా మీద జైలోమెటాజోలిన్ లేదా ఆక్సీమెటాజోలిన్ అని ఉందా? ఐదు రోజులు దాటితే ఆ మందే ముక్కును మూసేస్తుంది. దాన్ని మానుకుంటూ డాక్టరు సలహాతో స్టెరాయిడ్ ముక్కు స్ప్రే మొదలుపెట్టండి. తల కాస్త ముందుకు వంచి, కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో, మొనను కంటి వైపుకు తిప్పి కొట్టాలి. నడిమి గోడకు తగిలితే రక్తం కారుతుంది. గట్టిగా పీల్చితే మందు గొంతులోకి పోతుంది. ఇది క్షణాల్లో పనిచేసే మందు కాదు, రోజూ వాడుతూ రెండు వారాలు ఆగండి. అప్పటికీ తగ్గక, సూదితో గుచ్చి చూసే ఎలర్జీ పరీక్షకు వెళ్లాల్సొస్తే, డాక్టరుకు చెప్పి సెట్రిజిన్ లాంటి మాత్రలు వారం ముందే ఆపాలి. స్ప్రే ఆపనక్కర్లేదు.