సీనియర్ మెయింటెయినర్ మీదే కంప్లైంట్ వస్తే (సమాధానం)

మీ ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌లో గుంటూరు స్టూడెంట్ పెట్టిన పుల్ రిక్వెస్ట్ (నా కోడ్ మార్పు కలపండి అని పంపేది) కింద సీనియర్ మెయింటెయినర్ (ప్రాజెక్ట్ కోడ్ చూసుకునే ఆయన) "ఈ మాత్రం రాకపోతే ఎందుకొచ్చావ్" అని రాశారు, ఆయన్ని తీసేస్తే ప్రాజెక్ట్ ఆగిపోద్ది, ఏం చెయ్యాలి అన్నారు కదండీ. తీసెయ్యక్కర్లేదు, అలాగని వదిలెయ్యనూ కూడదు. లినక్స్ కెర్నల్ లాంటి పెద్ద ప్రాజెక్ట్ వాళ్ళు కూడా 2018లో కాంట్రిబ్యూటర్ కవనెంట్ అనే ప్రవర్తనా నియమాలకే మారారు, దాని 2.0 వెర్షన్‌లో నాలుగు మెట్లున్నాయి, ముందు ప్రైవేట్‌గా రాసి చెప్పడం, తర్వాత వార్నింగ్, కొన్నాళ్ళు బ్యాన్, చివర్లో పర్మనెంట్ బ్యాన్, ఇది మొదటిసారే అయితే మీకు మొదటి మెట్టు చాలు, కానీ "పద్ధతి మార్చుకోండి" అని ఊరుకోకుండా ఆ లైను కాపీ చేసి అది ఎందుకు తప్పో రాయండి.

అసలు చిక్కు ఎవరు తేలుస్తారన్న దగ్గరే. బెంజ్ సర్కిల్‌లో టీ తాగుతూ ఆయన ఫ్రెండ్సే తేల్చేస్తే ఆ కుర్రాడు మళ్ళీ నోరెత్తడండి. ఆయనకి దగ్గరవాళ్ళు కాని ముగ్గురు కూర్చుని ఇద్దరి మాటా విడివిడిగా వినండి, కంప్లైంట్ ఎవరిచ్చారో బయటికి పొక్కనివ్వద్దు. ఇదే మాట కొత్తగా వచ్చినోడు అనుంటే ఏం చేసేవాళ్ళో ఈయనకీ అదే చెయ్యాలి, ఆయన కమిట్లు (ప్రాజెక్ట్‌లో చేర్చిన కోడ్ మార్పులు) ఎన్నున్నాయో చూడకూడదు, ఇక్కడ మాత్రం మెత్తబడొద్దు ప్లీజ్. ఇవాళే ఆ కుర్రాడికి "అందింది, చూస్తున్నాం" అని మెసేజ్ పెట్టండి.