ఎనిమిదేళ్లుగా షెడ్‌లో ఉన్న సిటీ వీటెక్: ముందు సెల్ఫ్ కొట్టకండి

మీరు అడిగింది ఇది: నాన్నగారి 2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్ హనుమకొండ ఇంటి వెనక రేకుల షెడ్‌లో ఎనిమిదేళ్లుగా ఉంది. ఈ ఆదివారం కొత్త బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేద్దామనుకుంటున్నారు. నడిచాక ఇంజిన్ పవర్ పెంచాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత అవుతుంది అన్నారు.

దయచేసి ఈ ఆదివారం బ్యాటరీ పెట్టకండి.

మా ఇంట్లోదీ ఇదే కారు. మా బాబాయి సింగరేణిలో చేసేటప్పుడు భూపాలపల్లిలో ఉండి కొన్నారు, ఏపీ 36 నంబర్. కంటి చూపు తగ్గాక 2012లో కాజీపేటలో మా ఇంటి వెనక పెట్టేశాం. 2021లో నేను దాన్ని బయటికి తీశాను. రోడ్డెక్కించడానికి పది నెలలు పట్టింది. అందులో రెండు నెలలు మొదటిరోజు జరిగిన ఒక్క తొందరపాటు పనికే పోయాయి.

ఆ రోజు పిలిచిన మెకానిక్ వచ్చీ రాగానే బ్యాటరీ కట్టి సెల్ఫ్ కొట్టాడు. ఇంజిన్ తిరిగింది కానీ అందుకోలేదు. నాలుగైదుసార్లు కొట్టేసరికి వెనక సీటు కింద నుంచి పెట్రోల్ పంపు కూత మొదలై, సన్నగిల్లి, ఆగిపోయింది. తర్వాత ట్యాంక్ దింపి చూస్తే అడుగున పెట్రోల్ కాదు, ముదురు బెల్లం పాకంలాంటి జిగురు. వాసన వార్నిష్‌లా ఉంది. ఆ జిగురే పంపులోకి, అక్కడినుంచి ఇంజెక్టర్లలోకి వెళ్లింది. పంపు మార్చాల్సి వచ్చింది, నాలుగు ఇంజెక్టర్లూ హైదరాబాద్ పంపి క్లీన్ చేయించాను. తొమ్మిదేళ్లు నూనె చుక్క లేకుండా ఎండిపోయిన క్యామ్ (వాల్వులను తెరిపించే ఇరుసు) మీద ఇంజిన్‌ను తిప్పామన్న బాధ వేరే.

తర్వాత ఆటోనగర్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. బానెట్ ఎత్తి చాలాసేపు చూసి, "తమ్మీ, ఇన్నేండ్లు పండుకున్న బండిని ఒక్కపారి లేపుతరా? మెల్లగ లేపాలె" అన్నారు. ఆయన చేయించిన వరుసే మీకు చెప్తున్నాను.

మొదట పాత పెట్రోల్ మొత్తం తీసేయాలి. ట్యాంక్ దింపి లోపల తుప్పు ఉందేమో టార్చ్ వేసి చూడండి. ఆ పని ఆరుబయట చేయండి, పక్కన అగ్గి ఉండకూడదు, సిగరెట్ అసలే వద్దు. ట్యాంక్ నుంచి ఇంజిన్ దాకా రబ్బరు పైపులన్నీ మార్చేయండి, బాగున్నట్టు కనిపించినవి కూడా. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. 2002లో మన కారుకి వేసిన రబ్బరు దాన్ని తట్టుకునేలా చేసింది కాదు. ఉబ్బి, పగిలి, వేడి ఇంజిన్ మీద కారితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇథనాల్‌కి తట్టుకునే పైపు అని అడిగి కొనండి, మీటరుకి ఎక్కువైనా సరే. ఇథనాల్ పాత మురికిని కూడా కరిగించి ముందుకు తోస్తుంది కాబట్టి ఫ్యూయల్ ఫిల్టర్ ఇప్పుడొకటి, 500 కిలోమీటర్లు తిరిగాక ఇంకొకటి వేయండి.

ఇక ఇంజిన్. నాలుగు ప్లగ్గులూ తీసి ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజినాయిల్ పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. పైన వాల్వ్ కవర్ తీసి క్యామ్ మీద, వాల్వులను నొక్కే రాకర్ల మీద కూడా నూనె పోయండి. ఆ తర్వాత చేత్తో, పొడుగు రాడ్ పెట్టి క్రాంక్ పుల్లీ బోల్ట్ దగ్గర తిప్పాలి. ఇక్కడే చాలామంది మెకానిక్‌లు పొరబడతారు. ఆ కాలం హోండా ఇంజిన్ అందరి ఇంజిన్లలా తిరగదు. ఎడమ ముందు చక్రం వైపు నుంచి పుల్లీని చూస్తే గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. అలవాటు కొద్దీ ఉల్టా తిప్పితే క్రాంక్‌నీ క్యామ్‌నీ కలిపి తిప్పే పాత టైమింగ్ బెల్ట్ ఒక పన్ను జారే ప్రమాదం ఉంది. మారుతీలు, హ్యుందాయ్‌లు చేసి చేసి చేయి అటే పోతుంది, మీరు పక్కనే ఉండి చెప్పండి. ప్లగ్గులు లేవు కాబట్టి తేలిగ్గా తిరగాలి. ఎక్కడైనా బిగుసుకుంటే బలవంతం చేయకండి, ఇంకొంచెం నూనె పోసి ఇంకో రెండు రోజులు ఆగండి.

చేత్తో రెండు మూడు చుట్లు హాయిగా తిరిగినా అప్పుడే స్టార్ట్ చేయకూడదు. టైమింగ్ బెల్ట్ మార్చాలి. మా బాబాయికి ఒక మంచి అలవాటు ఉండేది. పెట్రోల్ పోయించిన ప్రతిసారీ, పని చేయించిన ప్రతిసారీ చిన్న డైరీలో కిలోమీటర్లతో సహా రాసేవారు. దాన్నిబట్టి బెల్ట్ 2009లో 82,000 దగ్గర మార్చారని తెలిసింది. ఆ తర్వాత కారు తిరిగింది 11,000 మాత్రమే. అయినా రబ్బరుకి కిలోమీటర్లతోపాటు ఏళ్లూ లెక్కే. ఈ ఇంజిన్‌లో బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులను కొడతాయి, హెడ్ దింపాల్సి వస్తుంది. వాటర్ పంపు కూడా ఆ బెల్ట్‌తోనే తిరుగుతుంది కాబట్టి బెల్ట్, టెన్షనర్, వాటర్ పంపు, క్రాంక్ సీల్, క్యామ్ సీల్ అన్నీ ఒకేసారి వేయించండి. మజూరీ ఒక్కసారే పడుతుంది. కవర్ తీసే ఉంటుంది కాబట్టి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు టాపెట్ సెట్టింగ్ (వాల్వుల గ్యాప్ సరిచేయడం) కూడా అప్పుడే చేయించుకోండి.

అప్పుడు కొత్త ఇంజినాయిల్, కొత్త ఫిల్టర్, కొత్త బ్యాటరీ. ప్లగ్గులు బిగించకుండా, పెట్రోల్ పంపుకి కరెంట్ ఇచ్చే మెయిన్ రిలే పీకేసి, సెల్ఫ్ పది సెకన్లకు మించకుండా ఆపి ఆపి కొట్టాలి. మీటర్‌లో ఆయిల్ లైట్ ఆరిపోయేదాకా అంతే. దాని తర్వాత కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్‌లో వచ్చే ఒత్తిడి చూడండి. నాకు మూడు సిలిండర్లలో 165 నుంచి 175 పీఎస్ఐ మధ్య వచ్చింది, మూడో నంబర్‌లో 120 మాత్రమే. ఇంజిన్ బోర్‌కి ఇవ్వాలేమోనని నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. పెద్దాయన మాత్రం, "రింగులు పట్టుకున్నయ్, నడిపితే ఇడుస్తయ్" అన్నారు. 400 కిలోమీటర్లు మెల్లగా తిరిగాక అదే సిలిండర్ 160 చూపించింది. మీకు ఒకటి తక్కువ వచ్చినా వెంటనే ఇంజిన్ విప్పడానికి ఒప్పుకోకండి.

మెయిన్ రిలే అన్నాను కదా, దాని గురించి ఒక మాట. తాళం ఆన్ చేయగానే వెనక పంపు రెండు సెకన్లు మోగి ఆగాలి. ఆ కాలం హోండాల్లో ఈ రిలే లోపలి సోల్డర్ పగుళ్లు పడుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవుతుంది, మే నెల ఎండలో గంటసేపు ఆపి వస్తే అవదు. కాసేపు తలుపులు తెరిచి చల్లబడనిస్తే మళ్లీ అవుతుంది. నేను దాన్ని పంపు తప్పనీ, డెల్కో (ప్లగ్గులకు కరెంట్ పంచే డిస్ట్రిబ్యూటర్) తప్పనీ అనుకుని తిరిగాను. టీవీ రిపేర్ చేసే ఒకాయన పది నిమిషాల్లో మళ్లీ సోల్డర్ పెట్టి ఇచ్చారు. అప్పటినుంచి ఆ బాధ లేదు.

ఎలుకలు వైరింగ్ కొరికి ఉంటాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడండి, మాకు అందులో గూడే ఉంది.

బ్రేకుల దగ్గర పైసా కూడా మిగల్చుకోవద్దు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఎనిమిదేళ్లలో ఆ నీరు లోపల తుప్పు పట్టించి ఉంటుంది. వెనక డ్రమ్ముల వీల్ సిలిండర్లు, ముందు కాలిపర్ రబ్బర్లు, మాస్టర్ సిలిండర్ కిట్, నాలుగు హోస్‌లు, అన్నీ కొత్తవి. టైర్ల మీద గాట్లు బాగున్నాయని మోసపోకండి. పక్కన నాలుగంకెల నంబర్ ఉంటుంది, 1411 అని ఉంటే 2011లో 14వ వారంలో తయారైందని అర్థం. అలాంటి టైర్‌తో ములుగు రోడ్డు మీద 100 దాటడం ప్రాణాలతో చెలగాటం. క్లచ్ ప్లేటు అతుక్కుని ఉండొచ్చు, మాకు ఉంది. రేడియేటర్‌లో ఎప్పుడో మామూలు నీళ్లు పోసి ఉంటే తుప్పు నీళ్లే బయటికొస్తాయి. ఓరుగల్లు ఎండ 44 దాటే రోజుల్లో ఏసీ వేసుకుని కాజీపేట బ్రిడ్జి ట్రాఫిక్‌లో నిలబడాలంటే కొత్త రేడియేటర్, కొత్త థర్మోస్టాట్, రెండు ఫ్యాన్లూ సరిగ్గా తిరగడం తప్పనిసరి.

కాగితాల సంగతి డబ్బు పెట్టకముందే చూసుకోండి. 2002 కారు ఆర్‌సీ 2017లోనే అయిపోయి ఉంటుంది. ఆర్‌టీఏలో ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించాలి. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజును 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచారు. గ్రీన్ ట్యాక్స్, ఆలస్యానికి అదనపు రుసుం వేరే. కారు నాన్నగారి పేరు మీద ఉంది కాబట్టి ఆయన సంతకాలు కావాలి.

ఇప్పుడు మీరు అసలు అడిగిన పవర్ విషయం. ఈ 1.5 లీటర్ల ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చింది 106 హార్స్‌పవర్‌తో. 2003 చివర్లో వచ్చిన తర్వాతి సిటీలో అదే 1.5 లీటర్లకు ఇచ్చింది 77. అంటే మీ షెడ్‌లో ఉన్నది ఇప్పటికే గట్టి ఇంజిన్. మీరు మొదట వెతకాల్సింది కొత్త పవర్ కాదు, దాని 106లో ఇప్పుడు పోయినవి ఎక్కడున్నాయో. నా కారులో వీటెక్ అసలు అందుకోలేదు. 5,000 దాటినా గొంతు మారలేదు. పై ఆర్‌పీఎంలో ఆయిల్ ప్రెషర్ ఒక పిన్నును తోసి రాకర్లను కలిపితేనే ఇన్‌టేక్ వాల్వులు ఎక్కువ తెరుచుకుంటాయి. ఆ ఆయిల్ వెళ్లే దారిలో సోలినాయిడ్ కింద చిన్న జాలీ ఉంటుంది. అది పాత ఆయిల్ మడ్డితో మూసుకుపోయింది. జాలీ కడిగి కొత్త గ్యాస్కెట్ వేశాం, ఖర్చు 1,000 కూడా కాలేదు. ఆ తర్వాత హసన్‌పర్తి దాటాక ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో ఆ గొంతు మారడం వినగానే పక్క సీట్లో ఉన్న మా బాబాయి, "ఆఁ, గిదే గిదే" అన్నారు. చూపు సరిగా లేకపోయినా ఆ శబ్దం ఆయనకు గుర్తుంది.

అప్‌గ్రేడ్ అంటే నేను చేసింది, మీకూ చెప్పేది: మంచి ప్యాడ్లు, స్టీల్ అల్లిక ఉన్న బ్రేక్ హోస్‌లు, సస్పెన్షన్ బుష్‌లన్నీ, కొత్త షాకబ్జర్లు, హెడ్‌లైట్లకు విడిగా రిలే వైరింగ్. పాత వైరింగ్‌లో కరెంట్ సగం దారిలోనే పోతుంది, రిలే వేస్తే అదే బల్బు ఎంతో బాగా వెలుగుతుంది. ఇంజిన్‌కి 4-2-1 హెడర్ (నాలుగు పొగ గొట్టాలు రెండై, ఒకటయ్యేది) ఒక్కటే వేశాను, సైలెన్సర్ కంపెనీదే ఉంచాను. తేడా చిన్నదే కానీ పై ఆర్‌పీఎంలో తెలుస్తుంది. బయటినుంచి పెద్ద ఇంజిన్ తెచ్చి వేయడం, టర్బో పెట్టడం మీ కారుకి వద్దంటాను. ఇంజిన్ మారిస్తే ఆర్‌టీఏ అనుమతి కావాలి, అది లేకుండా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు. పైగా ఆ ఇంజిన్ పోతే అది నాన్నగారి కారు కాకుండా పోతుంది.

సామాన్లకు నేను హైదరాబాద్ పుత్లీబౌలి రెండుసార్లు తిరిగాను, దొరకనివి ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి తెప్పించాను. పెయింటింగ్ కాకుండా నాకు మొత్తం 1,85,000 రూపాయలు అయింది. అందులో టైర్లు, బ్రేకులే మూడో వంతు. ఇప్పటి ధరలకు మీరు 2,30,000 దాకా సిద్ధంగా ఉంటే మధ్యలో ఆగిపోదు.

ప్లగ్గులు తీసి నూనె పోశాక, చేత్తో తిప్పినప్పుడు ఎలా ఉందో రాయండి. కంప్రెషన్ చూస్తే నాలుగు నంబర్లూ విడివిడిగా పెట్టండి. నాన్నగారి దగ్గర పాత సర్వీస్ బిల్లులు ఏమైనా ఉన్నాయేమో కూడా అడగండి, బెల్ట్ ఎప్పుడు మార్చారో అందులోనే దొరుకుతుంది.