ముత్తాతను వెతికే ముందు

చిన్నా,

రెండో ప్రపంచ యుద్ధంలో మలయాకు (ఇప్పటి మలేషియాలో భాగం) వెళ్లి తిరిగిరాని మీ ముత్తాత జాడ తీస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉందిరా. గుండెలో దడ కూడా మొదలైంది, అందుకే రాస్తున్నా.

ఇంట్లో ఉన్న కాగితాలు, ఫోటోల వెనక రాతలు ముందు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకో. అది నీకు చెప్పనక్కర్లేదు.

రెండు హైదరాబాద్‌లను మాత్రం కలిపెయ్యకు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ బ్రిటిష్ ఇండియా సైన్యంలోది. 1945లో దాని పేరు కుమావూ రెజిమెంట్ అయింది, ఇప్పుడు దాని కేంద్రం రాణీఖేత్‌లో ఉంది. మా తాతయ్య, అంటే మీ ముత్తాత, పనిచేసింది నిజాం సొంత ఫౌజులో. 1941లో రెండింటి పటాలాలూ మలయాలోనే ఉన్నాయి, అందుకే అందరూ తికమకపడతారు. నిజాం కాలం కాగితాలకు తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లు. చాలావరకు ఉర్దూలో, ఫస్లీ (నిజాం కాలం సర్కారీ సంవత్సరం) తేదీలతో ఉంటాయి. ఫస్లీకి 590 కలుపు: 1351 అంటే 1941-42. ఉర్దూ బాగా వచ్చిన పెద్దాయన్ని వెంటబెట్టుకెళ్లు.

ఇక నా భయం. నీకు ఊహ తెలియకముందు మీ పెద్దమామయ్య కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో తాతయ్య పేరు చూశాడు. సమాధి కూడా తెలియని 24,000 మందికి పైగా సైనికుల పేర్లు సింగపూర్‌లో క్రాంజీ దగ్గర గోడల మీద చెక్కారు, వాటిలో అదొకటి. వెంటనే ఫోన్ చేసి "తాతయ్య దొరికాడమ్మా" అనేశాడు. అమ్మమ్మ ఆ పూటంతా మాట్లాడలేదు. మర్నాడు వాళ్ల నాన్న ఫోటోకి మొదటిసారి దండ వేయించింది. వాళ్లమ్మ బతికినన్నాళ్లూ వేయనివ్వలేదు, వస్తాడని బొట్టు కూడా తియ్యలేదు. చుట్టాలను పిలిచి భోజనాలు పెట్టింది. నెల తిరక్కుండానే మామయ్య ఆ పేజీ మళ్లీ నిదానంగా చదివాడు. తండ్రి పేరు వేరు. ఊరు వేరు. అదే పేరున్న ఇంకెవరో. సంగతి చెప్పాక అమ్మమ్మే స్టూలెక్కి దండ తీసేసింది. ఆ తర్వాత వాళ్ల నాన్న ఊసెత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

పేరొక్కటీ కలిస్తే చాలదురా. సర్వీసు నంబరు, తండ్రి పేరు, ఊరు, మూడూ కలిసేదాకా ఆవిడ చెవిన వెయ్యకు. వేశావో, నీతో మాట్లాడను, నిజంగా.

తాతయ్య రాసిన కార్డులు ఆవిడ ట్రంకుపెట్టెలో చీరల కింద ఉన్నాయి. నంబరు వాటి మీదే ఉండాలి. నువ్వు పెట్టె తెరవకు, ఆవిడే తీసి ఇచ్చేదాకా ఆగు. నువ్వంటే ప్రాణం, ఇస్తుంది. ఆదివారం పొద్దున్నే వచ్చెయ్, మధ్యాహ్నమైతే పడుకుంటుంది.

మీ పెద్దమ్మ