హేరోదు భుజం మీద తువ్వాలు

చిత్తూరు
శుక్రవారం రాత్రి

పాపకు,

పెద్దనాయన రాసేది. ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. మీ పెద్దమ్మ మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది, నోరు కూడా అలాగే ఉంది.

నువ్వు నవల రాస్తున్నావని నిన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. కొండ కింద ఒక ఊరు, అందులో ఒక క్రైస్తవ కుటుంబం, ఎన్నికలు, ఓట్ల కోసం సంఘం చుట్టూ తిరిగే నాయకులు. సగం వినేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. మిగతా సగం విన్నాక మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతోనే. మన ఇంట్లో ఇప్పటిదాకా కాగితం మీద రాసినవాళ్ళు ఇద్దరే. మీ తాత అప్పు నోట్లు రాశాడు, నేను క్రిస్మస్ నాటికలు రాశాను. రెండూ మనకు అచ్చిరాలేదు.

ఉద్యోగానికి రెండు నెలలు సెలవు పెట్టావట. ఎవరినడిగి పెట్టావు? సరే, పెట్టావు కదా, వేళకు తిను.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. రోజూ కాస్త రాయి. రాస్తుంటే ప్రసంగం వస్తోందని అనిపిస్తే ఆపేసి బయట తిరిగిరా. నాకు భయం వేసే చోట్లు వేరే ఉన్నాయి.

నువ్వు కూర్చుని రాసేది తిరుపతిలో. కొండ మీద అన్యమత ప్రచారం నిషేధమని, హిందువులు కానివాళ్ళు దర్శనానికి వెళ్ళాలంటే డిక్లరేషన్ ఇవ్వాలని అక్కడ ఆటోవాళ్ళకు కూడా తెలుసు. నీ పాత్రలకూ తెలియాలి. దాన్ని ఎగతాళి చేసే పాత్ర ఉంటే ఉండనీ, ఎగతాళి నీది కాకూడదు. మేము పాత శిక్షాస్మృతిలో 295ఎ అనేవాళ్ళం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్ అంటున్నారు. కావాలని ఒకరి మతాన్ని అవమానిస్తే మూడేళ్ళ దాకా జైలు. నీకు ఆ ఉద్దేశం లేదని నాకు తెలుసు. వాట్సాప్‌లో ఒక్క పేజీ ఫొటో చూసినవాడికి ఎట్లా తెలుస్తుంది?

ఇంకొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ఎస్సీ హోదా హిందువులకే ఇచ్చారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. మనల్ని కలపలేదు. మన రాష్ట్రంలో ఎస్సీలు క్రైస్తవులైతే ఎస్సీ హోదా పోయి, వెనుకబడిన వర్గాల్లో బీసీ-సీ కిందికి వస్తారు. అందుకే బాప్తిస్మంలో ఒక పేరు, స్కూలు రిజిస్టరులో ఒక పేరు ఉన్నవాళ్ళు ఎంతమందో. ఆదివారం పిలిస్తే పలికే పేరు సోమవారం ఆఫీసులో పలకదు. అది రాయకుండా ఈ నవల రాయలేవని నాకూ తెలుసు. కానీ ఫలానా ఇల్లు అని గుర్తుపట్టేలా రాయకు. నీ పేజీ వల్ల ఒక పిల్లాడి ఉద్యోగం పోకూడదు. ఈ పేరా రెండుసార్లు చదువు తల్లీ.

ఎన్నికల సంగతి నువ్వే బాగా రాస్తావు. ఒక్కటి చూసుకో. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం మతం పేరు చెప్పి ఓటడిగితే అది అవినీతి చర్య. ఓడినవాడు 45 రోజుల్లోపు హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయొచ్చు. మన ప్రసంగ వేదికల మీద రోమా 13 చదివి అధికారులకు లోబడమనేవాళ్ళూ ఉన్నారు, అపొస్తలుల కార్యాలు 5:29 చదివి మనుషులకు కాదు దేవునికే లోబడాలనేవాళ్ళూ ఉన్నారు. ఎవరు ఏది ఎప్పుడు చదువుతారో గమనించు. గెలిచిన పార్టీని బట్టి వాక్యం మారుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్నకు కూడా ఇది పూర్తిగా తెలియదు.

1994. డిసెంబరు మొదట్లో అసెంబ్లీ ఎన్నికలు జరిగి, రామారావుగారు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. మన ఊళ్ళో సంఘమంతా ఒక వైపు. చర్చికి కాంపౌండు గోడ కట్టిస్తానని ఒకాయన మాటిచ్చాడు. అయ్యగారు ఆఖరి ప్రార్థనలో గుర్తు పేరు కూడా చెప్పారు, అందరం ఆమెన్ అన్నాం. బెల్లం మండీ ఆయన మాత్రం అవతలి పార్టీకి తిరిగాడు. అదీకాక ఆ ఏడు మార్చిలో, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో, తెల్లవారుజామున నాలుగున్నరకు మనం మైకు పెడితే ఆయన వచ్చి, "సార్, కొంచెం సౌండు తగ్గించండి" అని అడిగాడు. మనం తగ్గించలేదు. పైగా ఆయన్ని సంఘానికి శత్రువును చేసేశాం.

క్రిస్మస్‌కు నాటిక నన్నే రాయమన్నారు. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. తెలుగు పండితుణ్ణి, చమత్కారమంతా నా సొత్తే అనుకునే రోజులు. హేరోదు రాజును అచ్చం ఆయనలా రాశాను. భుజం మీద ఆకుపచ్చ తువ్వాలు. మాట మాటకూ ముందు గొంతు సవరించుకోవడం. "లెక్కంటే లెక్కే" అనే ఊతపదం. బేత్లెహేములో పసిపిల్లలను చంపమని ఆజ్ఞ ఇచ్చి, మా హేరోదు తువ్వాలు దులిపి "లెక్కంటే లెక్కే" అన్నాడు. జనం ఈలలు వేశారు. రెండో వరసలో కుర్చీలో ఆయన ఉన్నాడు. ఆ కుర్చీలు ఆయనవే. ఏటా క్రిస్మస్‌కు మండీ నుంచి యాభై కుర్చీలూ జనరేటరూ ఆయనే పంపేవాడు. అద్దె తీసుకునేవాడు కాదు.

లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. ఎప్పుడు తీశాడో, భుజం మీది తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. కేకు ఇస్తే తిన్నాడు. జనం వెళ్ళాక తనే కుర్చీలు మడిచి బండికెత్తాడు. నేను చెయ్యి వెయ్యబోతే "వద్దులే సార్" అన్నాడు.

సౌండు ఎందుకు తగ్గించమన్నాడో నీకు చెప్పలేదు కదా. ఆయన కూతురు పదో తరగతి పరీక్షలు రాస్తోంది. ఆ పిల్ల నా క్లాసే. నాటిక రాసేటప్పుడు ఆ సంగతి నాకు తెలుసు పాపా. అది పెడితే హేరోదు హేరోదులా ఉండడని వదిలేశాను. తెలియక చేసి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.

మరుసటి ఏడూ కుర్చీలు వచ్చాయి, ఆయన రాలేదు. పదకొండేళ్ళు బజారులో ఎదురైనా తల దించుకుని దాటిపోయేవాడు. తర్వాత పోయాడు. క్షమాపణ చెబుదామని వాళ్ళింటికి వెళ్ళాను. కూతురు కాఫీ తెచ్చి, "సార్, మీకు షుగరుందా?" అని అడిగింది. లేదమ్మా అని, తాగి వచ్చేశాను. ఆ కాంపౌండు గోడ ఈనాటికీ లేవలేదు.

నీ నవలలో మనకు అడ్డం నిలబడేవాడు ఒకడు ఉండే ఉంటాడు. వాడికి ఒక కారణం ఇవ్వు. నువ్వు కాదనలేని కారణం. అది రాసేటప్పుడు నీకు చిరాకు వస్తే సరిగ్గా రాస్తున్నావన్నమాట. జాషువా క్రైస్తవుడై ఉండి గబ్బిలం చేత కాశీ శివుడికి కబురంపాడు, ఆ తర్వాత క్రీస్తు కథ రాసి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నాడు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ నొచ్చుకున్నా రెండు పనులూ మానలేదు.

సహనం అంటే వేదిక మీది మాటలు రాస్తావేమో, నాకు అదీ భయమే. వంటింట్లో చూడు. పక్కింటామె కొండ నుంచి లడ్డు తెచ్చి ఇచ్చేది. విగ్రహాలకు పెట్టినవి తినడం గురించి చెప్పే మొదటి కొరింథీ 8వ అధ్యాయం మా అమ్మకు నోటికి వచ్చు. అయినా రెండు చేతులా తీసుకునేది, ఆమె గడప దాటేదాకా చేతిలోనే ఉంచుకునేది. ఆ తర్వాత ఏం చేసేదో రాస్తే మీ నాన్నకు కోపం వస్తుంది. నువ్వు వస్తే చెబుతాను.

మొదటి రెండు అధ్యాయాలు పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి పంపు. ఫోన్‌లో పంపకు, నా కళ్ళకు ఆనదు. తప్పులు దిద్దుతాను, కథ జోలికి రాను. వచ్చినా వినకు.

ఆ అమ్మాయి ఇక్కడే ఉంది, ఇప్పుడు మండీ తనే చూసుకుంటోంది. పుస్తకం అచ్చుకు వెళ్ళేముందు ఒకసారి ఆమెకు చదవడానికి ఇవ్వాలి. నువ్వు రా, నేను తోడు వస్తాను. ఈసారి కాఫీ ముందు తాగను.

మీ పెద్దనాయన